పన్ను కట్టని బండి, పట్టుబడే మనిషి: అటవీ సరిహద్దులో ఒక పాత వివాదంపై సమీక్ష

ఖమ్మం జిల్లాలోని ఏన్కూరు మండలం మైదానపు సాగుకూ భద్రాచలం వైపు విస్తరించే అడవికీ నడుమ ఉంది. తల్లాడ నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరే రోడ్డు పక్క ఊళ్లకూ, ఆ రోడ్డు నుంచి లోపలికి విడిపోయే తండాలకూ గూడేలకూ మోటారుసైకిల్ విలాసవస్తువు కాదు; ఎరువు బస్తాను చేనికి, జ్వరపడ్డ మనిషిని ఆసుపత్రికి, కూలీని మిర్చి తోటకు చేర్చే సాధనం అదే. అలాంటి బండిని ఆపి కాగితాలు అడిగినప్పుడు ఎదురయ్యే ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపిస్తుంది: పన్ను కట్టారా, లేదా? కానీ ఆ ప్రశ్న వెనుక ఒక శతాబ్దానికి పైబడిన చట్టాలు, పరస్పరం పొసగని సుప్రీంకోర్టు తీర్పులు, ఒక రాష్ట్ర విభజన, వేర్వేరు శాఖల తనిఖీ అధికారాలు పేరుకుని ఉన్నాయి. పన్ను ఎగవేత, రిజిస్ట్రేషన్ లోపం, పేరు మార్పిడి జరగకపోవడం, పొరుగు రాష్ట్రపు నంబరు అనే నాలుగు వేర్వేరు విషయాలను ఒకే తప్పుగా లెక్కించడం వల్లనే ఈ చర్చ ఇంతగా చిక్కుబడిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

గోదావరికి ఇరువైపులా రెండు పాలనలు

మోటారు వాహనాలను నియంత్రించే తొలి అఖిలభారత చట్టం 1914లో వచ్చింది. రోడ్ల అభివృద్ధిని పరిశీలించడానికి 1927లో ఏర్పడిన జయకర్ కమిటీ తర్వాత, రోడ్డును వాడే వాహనం నుంచే రోడ్డు ఖర్చు కొంత రాబట్టాలన్న ఆలోచన బలపడింది. మద్రాసు ప్రెసిడెన్సీ 1931లో మోటారు వాహనాల పన్ను చట్టం చేసి, స్థానిక సంస్థలు దారి పొడవునా వసూలు చేసుకునే సుంకాల స్థానంలో ఒకే పన్నును నిలిపింది. భద్రాచలం ప్రాంతం అప్పటికి ఆ ప్రెసిడెన్సీలోని తూర్పు గోదావరి జిల్లాలో ఉండగా, ఏన్కూరు ఉన్న ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉండేది. 1953లో వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడివడింది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు అందులో కలిశాయి. ఇవాళ ఒకే అటవీ సరిహద్దుగా కనిపించే ఈ నేల నిన్నమొన్నటి దాకా రెండు పాలనల కింద, రెండు పన్ను సంప్రదాయాల కింద నలిగిందన్న సంగతి వాహన పన్నుపై జరిగే చర్చల్లో దాదాపుగా ప్రస్తావనకు రాదు.

ఈ రెండింటినీ ఒక దారికి తెచ్చింది 1963 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనాల పన్ను చట్టం. విభజన తర్వాత తెలంగాణ దానినే స్వీకరించి అమలు చేస్తున్నది. ఈ అధికారానికి మూలం రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ఉంది: రోడ్లపై వాడదగిన వాహనాల మీద పన్ను వేసే హక్కును రాష్ట్రాల జాబితాలోని 57వ అంశం రాష్ట్రాలకు ఇస్తుండగా, ఆ పన్నుకు ఆధారమయ్యే సూత్రాలను ఉమ్మడి జాబితాలోని 35వ అంశం కేంద్రానికి కూడా అందుబాటులో ఉంచింది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చి అనేక పాత పన్నులను తనలో కలుపుకున్నా ఈ 57వ అంశం జోలికి పోలేదు. అందువల్ల బండి కొన్నవారు ఒకే వస్తువుపై కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి పన్నును ఒకసారి, రాష్ట్రపు వాహన పన్నును మరొకసారి చెల్లిస్తారు.

జీవితకాల పన్ను తెచ్చిన మార్పు

లారీలు, బస్సుల వంటి రవాణా వాహనాలకు మూడు నెలలకోసారి పన్ను చెల్లించే పద్ధతి ఉంది. సొంత వాడకపు మోటారుసైకిల్‌కు మాత్రం బండి ఖరీదులో కొంత శాతాన్ని కొన్నప్పుడే ఒకేసారి వసూలు చేస్తారు. దీనినే జీవితకాల పన్ను లేదా లైఫ్ టాక్స్ అంటారు. తెలంగాణలో 2022 మార్పుల తర్వాత ₹50,000 లోపు బండికి 9 శాతం, ఆపైన 12 శాతం ఉండగా, 2025 ఆగస్టులో లక్ష దాటిన వాటికి 15 శాతం, రెండు లక్షలు దాటిన వాటికి 18 శాతం చొప్పున పెంచారు. దీని ప్రకారం ₹90,000 బండికి ₹10,800 పన్ను పడితే, ₹1,20,000 బండికి మునుపటి ₹14,400 బదులు ₹18,000 పడుతుంది. ఆ మరుసటి నెల, 2025 సెప్టెంబరు 22 నుంచి, 350 సీసీ వరకు ఉన్న మోటారుసైకిళ్లపై వస్తుసేవల పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఒక చేత్తో తగ్గిన భారంలో కొంత మరో చేత్తో పెరిగినా ఈ రెండింటినీ కలిపి లెక్కించి చూపే బాధ్యత ఏ ప్రభుత్వానికీ లేదు. విద్యుత్ ద్విచక్రవాహనాలకు రాష్ట్రం 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు వరకు పూర్తి మినహాయింపు ప్రకటించింది.

జీవితకాల పన్ను పద్ధతి నుంచి పుట్టే పర్యవసానం ఒకటి ఈ చర్చకు ఆయువుపట్టు. పన్ను దుకాణం దగ్గర తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తోపాటే వసూలవుతున్నప్పుడు, డీలరు నుంచి సక్రమంగా బయటికి వచ్చిన బండి పన్ను కట్టని బండిగా మారే దారులు చాలా తక్కువ. మూడు నెలల పన్ను ఉన్న వాహనం ప్రతి త్రైమాసికంలోనూ బకాయి పడగలదు. జీవితకాల పన్ను ఉన్న బండి అలా బకాయి పడే వీలు లేదు. శాశ్వత నంబరు తీసుకోకుండా తాత్కాలిక (టీఆర్) నంబరుతోనే తిప్పడం, ఇతర రాష్ట్రంలో పన్ను కట్టిన బండిని ఇక్కడికి తెచ్చి నిలుపుకోవడం, పదిహేనేళ్ల గడువు ముగిశాక రిజిస్ట్రేషన్‌ను పునరుద్ధరించుకోకపోవడం, దొంగ బండికి మారు నంబరు తగిలించడం అనేవే మిగిలిన ప్రధాన దారులు. వీటిలో మొదటిది నిర్లక్ష్యం, చివరిది నేరం. మొదటి మూడింటిలోనూ పన్ను ఒకసారి ఏదో ఒక ఖజానాకు చేరే ఉంటుంది. కాబట్టి తనిఖీలో పట్టుబడ్డ బండ్లన్నింటినీ పన్ను ఎగవేత కింద చూపడం వాస్తవానికి దూరంగా ఉంటుంది.

పదిహేనేళ్ల గడువు సంగతి వేరుగా చెప్పుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనపు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆపైన తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. మోటారుసైకిల్‌కు ఈ పొడిగింపు రుసుమును కేంద్రం 2022 ఏప్రిల్ 1 నుంచి ₹300 నుంచి ₹1,000కి పెంచింది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో ₹2,000 చేసింది. దీనికి రాష్ట్రం వసూలు చేసే హరిత పన్ను, అంటే పాత వాహనాల పొగకు ప్రతిగా వేసే అదనపు పన్ను, తోడవుతుంది. పాత బండి ఎక్కువగా ఉండేది కొత్తది కొనలేనివారి దగ్గరే కాబట్టి, వాహనపు విలువ తరిగేకొద్దీ దానిపై భారం పెరిగే ఈ ఏర్పాటు న్యాయమైనదని అనడం కష్టం.

న్యాయస్థానాల్లో రెండు దారులు

వాహన పన్ను అసలు దేనికోసమన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు ఇచ్చింది. 1962లో ఆటోమొబైల్ ట్రాన్స్‌పోర్టు కేసులో, రోడ్లు కల్పించినందుకు ప్రతిఫలంగా వసూలు చేసే పన్ను దేశంలో స్వేచ్ఛా వాణిజ్యానికి అడ్డు కాదని తేల్చి, ప్రతిఫల పన్ను అనే భావనకు పునాది వేసింది. 1974లో ఒడిశాకు చెందిన బొలానీ ఓర్స్ కేసు ఆ భావనను మరింత ముందుకు తీసుకుపోయి, గని ఆవరణలోనే తిరిగే యంత్రవాహనాలు ప్రజా రహదారిని వాడవు కాబట్టి వాటిపై ఈ పన్ను పడదని చెప్పింది. ఈ దారిలో చూస్తే పన్నుకు ఆధారం రోడ్డు వాడకం. బండి సొంతదై ఉండడం ఒక్కటే చాలదు.

1987 నాటి గోపాలకృష్ణ షెనాయ్ కేసు రెండో దారికి ఉదాహరణ. మరమ్మతులో ఉండి రోడ్డెక్కని వాహనానికి పన్ను అడగవచ్చా అన్న ఆ కర్ణాటక వివాదంలో, రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం అమల్లో ఉన్నంతకాలం పన్ను ముందుగానే చెల్లించాలనీ, వాడలేదన్న వాదన వాపసు కోరేటప్పుడు మాత్రమే పనికివస్తుందనీ కోర్టు తేల్చింది. 2016లో జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, ప్రవేశ పన్నుల సందర్భంలో, ప్రతిఫల పన్ను అనే సిద్ధాంతాన్నే తోసిపుచ్చింది. దీంతో మొదటి దారి మూసుకుపోయిందని చాలామంది భావించారు.

ఆ భావనను మళ్లీ కదిలించిన తీర్పు తెలుగు నేల నుంచే వచ్చింది. విశాఖపట్నం ఉక్కు కర్మాగారంలోని కేంద్ర డిస్పాచ్ యార్డులో సరుకు నిర్వహణ కాంట్రాక్టు పొందిన తారాచంద్ లాజిస్టిక్ సొల్యూషన్స్ సంస్థ, ప్రహరీ గోడల మధ్య కాపలా గేట్ల లోపలే తిరిగే తన 36 వాహనాలకు పన్ను మినహాయించాలని కోరింది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ₹22,71,700 వాపసు ఇవ్వాలని ఆదేశించగా, 2024 డిసెంబరులో డివిజన్ బెంచి ఆ ఆదేశాన్ని రద్దు చేసింది. 2025 ఆగస్టు 29న సుప్రీంకోర్టు డివిజన్ బెంచి తీర్పును పక్కన పెట్టి సంస్థవైపే మొగ్గింది. 1963 చట్టపు మూడవ సెక్షన్‌లో బహిరంగ స్థలం అన్న మాటను శాసనసభ తెలిసే పెట్టిందనీ, ఆవరణ దాటని వాహనం ఆ స్థలంలో వాడినట్టు కాదనీ ఆ తీర్పు సారాంశం. అదే చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉన్నందున దీని ప్రభావం విశాఖకు పరిమితం కాదు.

అయితే ఈ తీర్పు ఏన్కూరు రైతుకు ఎంతవరకు ఉపయోగపడుతుందన్నది తొందరపడి చెప్పదగినది కాదు. చేను గట్ల మీద మాత్రమే తిరిగే పాత బండి సిద్ధాంతరీత్యా ఈ రక్షణ కిందికి రావచ్చు. కానీ గోడలు, గేట్లు, కాపలా ఉన్న యార్డులో వాడకాన్ని రుజువు చేసినంత తేలికగా పొలంలో వాడకాన్ని రుజువు చేయలేరు. వాహనాన్ని వాడడం లేదని ముందుగా రాతపూర్వకంగా తెలపనంతవరకు వాడుతున్నట్టే భావించే నిబంధన కూడా ఈ చట్టం కింద ఉంది. పెద్ద సంస్థకు గెలుపు తెచ్చిన సూత్రం చిన్న రైతుకు అందాలంటే రుజువు చేసే మార్గం కూడా చిన్నదిగా, దగ్గరగా ఉండాలి.

రోడ్డు మీద ఎవరి అధికారం ఎంత

అటవీ సరిహద్దులో బండిని ఆపగలవారు ఒకరు కాదు. రవాణా శాఖ మోటారు వాహనాల తనిఖీ అధికారి, అంటే జనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే వ్యక్తి, పన్ను, రిజిస్ట్రేషన్ రెండింటినీ చూస్తారు. పోలీసులు 1988 చట్టపు 207వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ లేకుండా లేదా లైసెన్సు లేకుండా నడిపే వాహనాన్ని నిలిపివేయగలరు. అటవీ అధికారులు 1967 అటవీ చట్టపు 44వ సెక్షన్ కింద కలప వంటి అటవీ ఉత్పత్తుల అక్రమ రవాణాకు వాడిన వాహనాన్ని జప్తు చేయగలరు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఏమిటంటే, 207వ సెక్షన్‌లో పన్ను బకాయి ప్రస్తావన లేదు. బకాయి కోసం వాహనాన్ని నిలిపివేసే అధికారం రాష్ట్ర పన్ను చట్టం నుంచి వస్తుంది. గ్రామాన్ని చుట్టుముట్టి ఇంటింటికీ తిరిగే పోలీసు సోదాల తర్వాత సరైన పత్రాలు లేని ఇన్ని మోటారుసైకిళ్లు స్వాధీనం అన్న వార్తలు ఈ ప్రాంతపు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. వాటిలో ఏ బండిని ఏ సెక్షన్ కింద తీసుకున్నారో విడమరిచి చెప్పిన వార్త మాత్రం అరుదు. ఇంటి ముందు నిలిపి ఉన్న బండి ఆ క్షణాన రోడ్డుపై నడుస్తున్న బండి కాదన్న తేడా కూడా ఇలాంటి సోదాల్లో మరుగున పడుతుంది.

రిజిస్ట్రేషన్ లేని బండిని నడిపితే 192వ సెక్షన్ కింద మొదటిసారి ₹2,000కు తగ్గకుండా ₹5,000 వరకు జరిమానా ఉంటుంది. అదే సెక్షన్‌లో అంతగా ప్రచారంలో లేని మినహాయింపు ఒకటి ఉంది: జబ్బుపడ్డవారిని, గాయపడ్డవారిని అత్యవసరంగా చేరవేయడానికి, మందులు తీసుకెళ్లడానికి వాహనాన్ని వాడితే ఆ శిక్ష వర్తించదు; వాడినవారు ఏడు రోజుల్లోగా ప్రాంతీయ రవాణా ప్రాధికార సంస్థకు తెలియజేయాలి. ఏ గూడెం నుంచైనా ఆసుపత్రికి బండి మీదే రావలసిన చోట ఈ మినహాయింపు గ్రామపంచాయతీ గోడ మీద రాసి పెట్టదగినది.

స్వాధీనమైన బండి గతి మరో వివాదం. వాహనాలను పోలీసు స్టేషన్ల ఆవరణలో ఏళ్ల తరబడి ఉంచి తుప్పు పట్టనివ్వరాదనీ, తగిన హామీ తీసుకుని త్వరగా అప్పగించాలనీ 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు నేర విచారణలో పట్టుబడిన ఆస్తికి సంబంధించినదే అయినా, కాగితాల లోపంతో ఆగిన బండికి ఆ పాటి రక్షణ కూడా దక్కకపోవడం సమంజసం కాదు.

కాగితం తెగే చోట్లు

సెకండ్ హ్యాండ్ బండి చేతులు మారినప్పుడు 29, 30 నంబరు ఫారాలపై సంతకాలు జరగాలి. అప్పుతో కొన్న బండి అయితే ఫైనాన్స్ సంస్థ తన హక్కు వదులుకున్నట్టు 35వ ఫారం ఇవ్వాలి. గ్రామాల్లో చాలాసార్లు సంతకాలు చేసిన ఖాళీ ఫారాలతోనే బండి ఒకరి నుంచి ఒకరికి పోతుంది. రిజిస్ట్రేషన్ ధ్రువపత్రం (ఆర్సీ)లో మొదటి యజమాని పేరే నిలిచిపోతుంది. అలా నాలుగు చేతులు మారిన కారు కేసులోనే, 2018 నవీన్ కుమార్ తీర్పులో, ప్రమాద పరిహారానికి బాధ్యుడు రిజిస్టరులో పేరున్నవాడేనని సుప్రీంకోర్టు తేల్చింది. దీని ఫలితం రెండు వైపులా బాధిస్తుంది: ఎన్నడో బండి అమ్మేసినవారు పరిహారం, చలానాలు మోస్తారు, డబ్బు పెట్టి కొన్నవారు రోడ్డు మీద పట్టుబడితే తమది అని చెప్పుకోలేరు. ఇందులో ఖజానా నష్టపోయిన పన్ను ఏదీ లేదు.

రాష్ట్ర విభజన ఈ చిక్కును ఇక్కడ మరింత బిగించింది. ఏపీ 20 అనే ఖమ్మం సంకేతంతో నమోదైన బండ్లకు పన్ను అవిభక్త రాష్ట్ర ఖజానాకు చేరింది. 2014లో పోలవరం ముంపు పేరిట కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలతోపాటు భద్రాచలం, బూర్గంపాడు మండలాల భాగాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆ ఊళ్లలో ఉన్న ఏపీ 20 బండి ఒక రాష్ట్రానికీ, ఏన్కూరులోని అదే వరస నంబరు బండి మరో రాష్ట్రానికీ చెందినవయ్యాయి. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజనతో జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెంలోకి పోగా ఏన్కూరు ఖమ్మంలోనే మిగిలింది. తెలంగాణ నంబర్లలో ఖమ్మం సంకేతం 04, కొత్తగూడెం సంకేతం 28. 2024 మార్చిలో తెలంగాణ నంబర్ల ముందుండే టీఎస్ స్థానంలో టీజీ వచ్చింది. పదేళ్లలో ఇన్ని మార్పులు జరిగిన చోట బండి నంబరును చూసి దాని పన్ను ఏ ఖజానాకు చేరిందో చెప్పడం అధికారికే సులభం కాదు.

పొరుగు రాష్ట్రపు బండికి సంబంధించి కేంద్ర చట్టపు 47వ సెక్షన్ పన్నెండు నెలల గడువు ఇస్తుంది: అంతకు మించి మరో రాష్ట్రంలో ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. పన్ను కూడా అప్పుడే పడుతుందా, రాష్ట్రంలో అడుగుపెట్టిన రోజు నుంచే పడుతుందా అన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. కర్ణాటక 2014లో ఈ గడువును 30 రోజులకు కుదిస్తే, 2016లో అక్కడి హైకోర్టు దానిని కొట్టివేసింది. ఉద్యోగ బదిలీలపై తిరిగేవారికి కేంద్రం 2021లో భారత్ సిరీస్ నంబర్లు ఇచ్చి, రెండేళ్లకోసారి పన్ను చెల్లించే వెసులుబాటు కల్పించింది; ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న సంస్థల సిబ్బందికి అది పరిమితం. కూలికి సరిహద్దు దాటి వచ్చి నెలలు ఉండిపోయేవారికి అలాంటి వెసులుబాటు లేదు.

మూడు ధోరణుల తులన

ఈ విషయంపై వాదించేవారిని స్థూలంగా మూడు వర్గాలుగా చూడవచ్చు. మొదటి వర్గానికి పన్ను అన్నది రోడ్డుకు చెల్లించే మూల్యం. బొలానీ, తారాచంద్ తీర్పులు వారి ఆధారాలు. రోడ్డు బాగుండని చోట, రోడ్డు వాడని బండిపై పన్ను అడగరాదన్నది వారి వాదనకు తార్కికమైన ముగింపు. కానీ ఎవరు ఎంత వాడారో కొలిచే సాధనం వారి దగ్గర లేదు. రెండో వర్గానికి ఇది సాధారణ రాబడి. షెనాయ్, జిందాల్ తీర్పులు వారికి దన్ను. వారి పద్ధతిలో స్పష్టత ఎక్కువ, వసూలు ఖర్చు తక్కువ. బండి విలువకూ యజమాని స్తోమతకూ మధ్య ఏళ్లు గడిచేకొద్దీ పెరిగే దూరాన్ని మాత్రం అది పట్టించుకోదు. మూడో వర్గానికి పన్ను పత్రం కన్నా బండిని, మనిషిని గుర్తించే ఆధారం ముఖ్యం. దొంగ బండ్లు, నంబరు లేని బండ్లు అడవి దారుల్లో తిరగకూడదన్న వారి ఆందోళనలో నిజం ఉంది. అయితే గుర్తింపు కోసం చేసే తనిఖీలో బాధ పడేది ఎక్కువగా గుర్తింపు దాచుకున్నవారు కాక, గుర్తింపు పత్రం పొందలేకపోయినవారేనన్న అభ్యంతరానికి ఆ వర్గం ఇంకా సరైన జవాబు ఇవ్వలేదు.

బ్రిటన్ అనుభవం ఇక్కడ కొంత వెలుగునిస్తుంది. అక్కడ పన్ను ఏటా చెల్లించాలి. వాడని వాహనాన్ని రోడ్డు మీదికి తీసుకురావడం లేదని యజమాని ప్రకటించుకునే ఏర్పాటు 1998లో మొదలైంది, ఆ ప్రకటన ఉన్నంతకాలం పన్ను ఉండదు. అద్దానికి అతికించే పన్ను కాగితాన్ని 2014 అక్టోబరు 1 నుంచి తీసేసి, కెమెరాలు నంబరును చదివి రికార్డుతో సరిపోల్చే పద్ధతిపై ఆధారపడ్డారు. రికార్డు సరిగా ఉన్న చోట ఈ పద్ధతి పని చేస్తుంది. ఆర్సీలో పాత యజమాని పేరే మిగిలిపోయిన చోట అదే కెమెరా బండి అమ్మేసినవారి ఇంటికే చలానా పంపుతుంది.

జరిమానాల రాయితీపై కూడా ఏకాభిప్రాయం లేదు. తెలంగాణ 2022లో ద్విచక్రవాహనాల పాత చలానాలపై 75 శాతం, 2023 చివర మొదలైన విడతలో 80 శాతం తగ్గించింది. బకాయిలు వసూలయ్యాయని సమర్థించేవారు ఉన్నారు. ఎప్పటికప్పుడు కట్టినవారు నష్టపోయారని విమర్శించేవారూ ఉన్నారు. ఈ రాయితీ చలానాలకే తప్ప జీవితకాల పన్నుకు, పేరు మార్పిడికి వర్తించలేదు. ఏన్కూరు వంటి చోట అసలు ముడి పడింది ఆ రెండింటి దగ్గరే.

తేలవలసినవి

ప్రశ్నలు కొన్ని ఇంకా నిలిచే ఉన్నాయి. బహిరంగ స్థలంపై తారాచంద్ తీర్పు ఇచ్చిన వివరణ జీవితకాల పన్ను కట్టే సొంత వాహనాలకు ఎలా వర్తిస్తుందో తేలలేదు. ఆ కేసులోని వాహనాలు వ్యాపార అవసరాలవి, వాటి పన్ను కాలాన్ని బట్టి లెక్కించదగినది, ఒకేసారి కట్టిన పన్నులో వాడని కాలపు భాగాన్ని విడదీయడానికి సూత్రం లేదు. విభజనకు ముందు ఉమ్మడి ఖజానాకు పన్ను చెల్లించిన బండి గోదావరి దాటి చింతూరులో అమ్ముడైతే ఆ పన్ను రెండు రాష్ట్రాల్లోనూ చెల్లినట్టా, కాదా అన్నది స్పష్టం కావాలి. యజమాని మరణించాక, లేక ఆచూకీ లేకపోయాక, ఖాళీ ఫారాలతో బండి చేతిలో ఉన్న కొనుగోలుదారు తన పేరుకు మార్చుకోవడానికి మండల స్థాయిలో అనుసరించగల సులభ విధానం ఏదన్నదీ తేలవలసిన ప్రశ్నే.

వీటన్నింటికన్నా ముందు కావలసింది తనిఖీ నివేదికల్లో వర్గీకరణ. ఎన్ని బండ్లు పట్టుబడ్డాయన్న సంఖ్యతో సరిపెట్టక, వాటిలో పన్నే కట్టనివి ఎన్ని, గడువు తీరినవి ఎన్ని, పేరు మారనివి ఎన్ని, పొరుగు రాష్ట్రపువి ఎన్ని, దొంగిలించినవి ఎన్ని అని మండలాలవారీగా పోలీసు, రవాణా శాఖలు ప్రకటించడానికి కొత్త చట్టం అవసరం లేదు. బండిని ఆపిన అధికారి ఏ సెక్షన్ కింద ఆపారో రసీదు మీద రాస్తే ఆ లెక్క దానంతట అదే తయారవుతుంది.